తెలుగువారి ‘సిలువ దేవుడు’: సామ్యానికీ సంబంధానికీ మధ్య ఒక పరిశీలన

సారాంశం:
క్రైస్తవం ప్రాచీన సూర్యారాధన నుంచీ, రాశిచక్రం నుంచీ, భారతీయ పురాణాల నుంచీ పుట్టిందనే వాదానికి రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ఆ వాదంలో తెలుగుజాతి ప్రస్తావన కూడా ఉన్నదన్న విషయం మన సాహిత్య విమర్శలో తగినంత చర్చకు రాలేదు. 1875లో అమెరికాలో వెలువడిన ఒక గ్రంథం తెలుగువారికి సిలువపై మరణించిన ఒక దేవుణ్ణి అంటగట్టింది. ఆ ఊహ ఏ క్రమంలో రూపుదిద్దుకున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శాలివాహన గాథ, కృష్ణుని జాతకం ఆధారంగా జరిగిన ఇలాంటి ప్రతిపాదనలను దానితో పోల్చి, మతాల మధ్య సామ్యాన్ని సంబంధంగా నిర్ణయించడానికి ఏ ఆధారాలు అవసరమో వివరిస్తుంది.

కీలక పదాలు: తులనాత్మక పురాణశాస్త్రం, విఠోబా, శాలివాహనుడు, జ్యోతిషం, భ్రాంతిమదలంకారం, నెల్లూరు తీరం.

1. ఉపోద్ఘాతం:

18వ శతాబ్ది చివరి దశకాలలో నెల్లూరు సమీపంలో పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం అడ్డుపడింది. అది ఒక చిన్న దేవాలయ శిథిలం. అక్కడ దొరికిన కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. వాటిలో ట్రేజన్, హేడ్రియన్ చక్రవర్తులవీ, ఫాస్టినా రాణివీ ఉన్నాయి. అవి క్రీ.శ. 2వ శతాబ్దికి చెందినవి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఈ విషయాన్ని లేఖగా రాయగా, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ తన ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ రెండో సంపుటిలో ప్రచురించింది.

క్రీస్తు తరువాతి తొలి శతాబ్దాలలో రోమన్ ప్రపంచానికీ నెల్లూరు తీరానికీ వర్తక సంబంధం ఉన్నదనడానికి ఈ నాణేలు గట్టి సాక్ష్యం. దేవాలయ శిథిలంలో దొరికాయి కనుక రోమన్ దేవతలు ఇక్కడ పూజలందుకున్నారని ఎవరైనా ఊహించవచ్చు. నాణేలు మాత్రం ఆ మాట చెప్పవు. వర్తకం జరిగిందన్నంత వరకే వాటి సాక్ష్యం. అయితే అదే పత్రిక తరువాతి సంపుటాలలో, సాక్ష్యం ఆగిన చోట ఆగని రచనలు కూడా వెలువడ్డాయి. ఈ వ్యాసానికి విషయం అవే.

ఈ చర్చ గ్రంథాలయాలకు పరిమితమైనది కాదు. తీరప్రాంత కళాశాలల తెలుగు తరగతులలో హిందువుల పిల్లలు, క్రైస్తవుల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటారు. భాగవతం దశమస్కంధం చెబుతున్నప్పుడు ‘క్రీస్తు కథకు ఇదే మూలమట కదా?’ అని ఒకరు అడుగుతారు. పురుషసూక్తం ప్రస్తావన రాగానే ‘వేదాలు క్రీస్తు గురించే చెప్పాయట కదా?’ అని మరొకరు అడుగుతారు. ఇద్దరూ తాము చూసిన వీడియోల నుంచే ప్రశ్నలు తెచ్చుకుంటారు. ఈ రెండు ప్రశ్నలకూ పుట్టిల్లు ఒకటేననీ, అది 19వ శతాబ్ది గ్రంథాలనీ వారికి తెలియదు. చెప్పవలసిన బాధ్యత అధ్యాపకులది.

2. విఠోబా సిలువనెక్కిన క్రమం:

అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన కెర్సీ గ్రేవ్స్ 1875లో ‘ప్రపంచపు పదహారుగురు సిలువ రక్షకులు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక గ్రంథం ప్రచురించాడు. క్రీస్తుకు ముందే పదహారుగురు దేవతలు సిలువపై మరణించారని అందులో అతని ప్రతిపాదన. ఆ పట్టికలో కృష్ణుడు ఉన్నాడు, బుద్ధుడు ఉన్నాడు, ‘తెలింగొనీస్’ ప్రజల విఠోబా కూడా ఉన్నాడు. ఈ విఠోబా సిలువ మరణానికి గ్రేవ్స్ ఇచ్చిన సంవత్సరం క్రీ.పూ. 552. ఆ జాతినామం ‘తెలింగ’ శబ్దం నుంచి వచ్చినదే. అంటే పండరిపురంలో ఇటుకపై నిలిచిన విఠలుడు తెలుగువారి దేవుడై, సిలువపై మరణించినవాడయ్యాడు.

దీనికి గ్రేవ్స్ చూపిన ఆధారం గాడ్‌ఫ్రే హిగిన్స్ రచించిన ‘అనకాలిప్సిస్’ (1836). హిగిన్స్‌కు ఆధారం ఎడ్వర్డ్ మూర్ రచించిన ‘హిందూ పాంథియన్’ (1810). ముగ్గురిలో భారతదేశంలో నివసించినవాడు మూర్ ఒక్కడే. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేస్తూ దేవతాప్రతిమలను సేకరించిన మూర్‌కు, పాదంలో రంధ్రం వంటి గుర్తు ఉన్న ప్రతిమలు కొన్ని లభించాయి. వాటిని విఠోబా, బాలాజీ పేర్లతో అతడు చర్చించాడు. చేతులు చాచిన మరొక ప్రతిమ కూడా లభించింది. అది సిలువ దృశ్యమేనని, అయితే దాని మూలం ఐరోపా పనితనమని మూర్ అభిప్రాయపడ్డాడు. భారతదేశానికి వచ్చిన ఐరోపా క్రైస్తవ ప్రతిమ అన్నది అతని వివరణ సారాంశం.

హిగిన్స్ ఆ వివరణను తోసిపుచ్చాడు. మూర్ గ్రంథంలోని వేర్వేరు ప్రతిమలను కలిపి, తిరుపతి ఆలయాన్ని ప్రస్తావనలోకి తెచ్చి, దక్షిణ భారతంలో సిలువనెక్కిన దేవుని ఆరాధన ఉన్నదని ఊహించాడు. నలభై ఏళ్ల తరువాత గ్రేవ్స్ ఆ ఊహకు ఒక జాతిని, ఒక సంవత్సరాన్ని జోడించాడు. మూర్ వద్ద సందేహంగా ఉన్నది హిగిన్స్ వద్ద వాదమైంది, గ్రేవ్స్ వద్ద చరిత్రగా నిలిచింది. దశ మారినప్పుడల్లా కొత్త ఆధారమేదీ చేరలేదు.

తెలుగు సాహిత్యం వైపు నుంచి చూస్తే ఈ నిర్మాణం ఎంత బలహీనమైనదో తెలుస్తుంది. విఠలుని గురించి తెలుగువారు ఏమనుకున్నారో తెలుసుకోవడానికి తెనాలి రామకృష్ణుని ‘పాండురంగ మాహాత్మ్యము’ మన వద్ద ఉంది. 16వ శతాబ్దికి చెందిన ఆ ప్రబంధంలో పుండరీకుని భక్తి ఉంది, క్షేత్రమహిమ ఉంది, నిగమశర్మ కథ ఉంది. దైవమరణం లేదు, మేకులు లేవు. పాదంలో గాయం అనగానే తెలుగు పాఠకునికి స్ఫురించేది వ్యాధుని బాణం తగిలి కృష్ణుడు అవతారం చాలించిన ఘట్టం. పాదంలో గుర్తు అనగానే గుర్తొచ్చేవి శంఖ చక్ర పద్మ రేఖలు. ఈ సంప్రదాయంలో పెరిగిన వ్యక్తిని ఒక్క మాట అడిగి ఉంటే హిగిన్స్ వాదం మొదట్లోనే ఆగిపోయేది. ఆరాధించేవారి సాహిత్యాన్ని, వాడుకను పక్కన పెట్టి ప్రతిమను మాత్రమే చదవడం ఈ పద్ధతిలోని మొదటి లోపం.

3. శాలివాహనుడు – శ్లేష చరిత్ర అయిన వైనం:

హిగిన్స్ కంటే ముందే ‘ఏషియాటిక్ రిసెర్చెస్’లో ఫ్రాన్సిస్ విల్‌ఫర్డ్ మరొక తెలుగు సంబంధమైన పేరును క్రీస్తుతో ముడిపెట్టాడు. అది శాలివాహనుని పేరు. శాలివాహన గాథలో తల్లి కన్యక, తండ్రి నాగరాజు. బాలుడు కుమ్మరి ఇంట పెరుగుతాడు, మట్టిబొమ్మలకు ప్రాణం పోసి సైన్యంగా నడిపిస్తాడు. అతని పేరిట నడిచే శకం క్రీ.శ. 78లో ఆరంభమవుతుంది. కన్యక కుమారుడు, క్రీస్తుకు సమీపకాలంలో మొదలయ్యే శకం అనే రెండు అంశాలు విల్‌ఫర్డ్‌ను ఆకర్షించాయి. నాగరాజును తక్షకునిగా గ్రహించి, తక్షకుడంటే వడ్రంగి కనుక శాలివాహనుడు వడ్రంగి కుమారుడని, ఆ కథ క్రీస్తు కథకు రూపాంతరమని వాదించాడు.

సంస్కృతంలో తక్షక శబ్దానికి వడ్రంగి అనే అర్థం ఉంది. పరీక్షిత్తును కాటువేసిన సర్పానికి అది పేరు కూడా. కవి ఈ రెండు అర్థాలనూ ఒకే పద్యంలో నిలిపితే దాన్ని శ్లేష అంటాం. శాలివాహన గాథలో సర్పమే ఉంది, వడ్రంగి లేడు. విల్‌ఫర్డ్ శబ్దంలోని రెండో అర్థాన్ని కథలోకి దించి, దానినే చారిత్రక సాక్ష్యంగా చూపాడు. కుమ్మరి ఇల్లు గాథకు ప్రాణం. తెలుగునాట కుమ్మరి కులస్థులు నేటికీ తమను శాలివాహనులుగా చెప్పుకుంటారు. విల్‌ఫర్డ్ వ్యాఖ్యలో వడ్రంగి ముందుకు రాగానే కుమ్మరి వెనక్కు పోయాడు. ఒక శ్రామిక సమాజం తన గౌరవాన్ని నిలుపుకున్న గాథ మరొక కథకు నకలుగా మిగిలింది.

శకం విషయంలోనూ ఇదే జరిగింది. 78లో ఆరంభమైన ఆ కాలగణన మొదట శకకాలమనే వ్యవహరించబడింది. శాలివాహనుని పేరు దానికి అనేక శతాబ్దాల తరువాతనే చేరింది. కనుక శకారంభ సంవత్సరం ఆ గాథ కాలాన్ని నిర్ణయించలేదు. పైగా, తాను నియమించుకున్న పండితుడు వ్రాతప్రతులను దిద్ది తనను మోసగించాడని విల్‌ఫర్డ్ స్వయంగా 1805లో ఎనిమిదో సంపుటిలో వెల్లడించాడు. శాలివాహన వాదం వెలువడింది ఆ తరువాతి సంపుటాలలోనే. వ్రాతప్రతులు దిద్దిన పండితుని తప్పు చిన్నది కాదు. అయితే తాను వినదలచినదే వినిపించే గ్రంథాల కోసం వెతికిన పరిశోధకుని ఆసక్తి ఆ తప్పుకు దారి తీసింది.

4. జాతకచక్రం, నక్షత్రం – సాక్ష్యపు హద్దులు:

జ్యోతిషం ఆధారంగా మతాల పుట్టుకను నిర్ణయించే ప్రయత్నం ఫ్రాన్సులో చార్లెస్ ద్యుపుయి 1795లో ప్రచురించిన బృహద్గ్రంథంతో బలపడింది. క్రీస్తు సూర్యునికి రూపకమనీ, దైవకథలన్నీ రాశిచక్ర సంచారానికి వర్ణనలనీ అతని సిద్ధాంతం. అదే జ్యోతిషంతో జాన్ బెంట్లీ సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచాడు. కృష్ణుని జన్మపత్రిలోని గ్రహస్థితులను గణించి, కృష్ణుడు క్రీ.శ. 600 ఆగస్టు 7న జన్మించినట్లు తేల్చాడు. క్రైస్తవ వ్యాప్తిని అడ్డుకోవడానికి బ్రాహ్మణులు క్రీస్తు కథను అనుకరించి కృష్ణకథను కల్పించారని దాని ఆధారంగా వాదించాడు. 1820లలో అచ్చయిన అతని హిందూ ఖగోళశాస్త్ర గ్రంథంలో ఈ చర్చ ఉంది.

బెంట్లీ గణితం సరైనదే అనుకున్నా, అతని నిర్ణయం నిలవదు. పురాణపురుషుని జాతకచక్రం ఆ చక్రాన్ని కట్టినవారి కాలానికి, వారి శాస్త్రజ్ఞానానికి సాక్ష్యం కాగలదు. ఆ పురుషుని పుట్టుకకు కాజాలదు. వాసుదేవ ఆరాధన క్రీస్తుకు ముందే ఉన్నదని శాసనాలు చెబుతున్నాయి. గ్రీకు రాయబారి హెలియొడోరస్ బెస్‌నగర్‌లో వాసుదేవునికి గరుడధ్వజం నిలిపినది క్రీ.పూ. 2వ శతాబ్ది చివర. సాతవాహన రాణి నాగనికకు చెందిన నానేఘాట్ శాసనం సంకర్షణ వాసుదేవులకు నమస్కరిస్తుంది. అది క్రీ.పూ. 1వ శతాబ్దిది. శాలివాహన గాథ ఏ రాజవంశపు స్మృతితో ముడిపడినదో ఆ వంశపు శాసనమే బెంట్లీకి సమాధానం చెబుతున్నది. ఆర్.జి. భండార్కర్ వంటి పండితుడు సైతం 1913లో, ఆభీరుల ద్వారా క్రీస్తు బాల్యగాథ బాలకృష్ణుని కథను ప్రభావితం చేసి ఉండవచ్చని ఊహించాడంటే ఈ ఆలోచన ఆకర్షణ ఎంతటిదో గ్రహించవచ్చు.

మన కాలంలో ఈ వాదాలు 2007లో వచ్చిన ‘జైట్‌గైస్ట్’ చిత్రం ద్వారా విస్తరించాయి. కృష్ణుడు కన్యకకు జన్మించాడని ఆ చిత్రం చెబుతుంది. దేవకికి అతడు ఎనిమిదో సంతానమని భాగవతం విన్న ప్రతి తెలుగువారికీ తెలుసు. ఇదే కోవకు చెందిన రచనలు కృష్ణుని జన్మదినం కూడా డిసెంబరు 25 అంటాయి. శ్రావణ బహుళ అష్టమి జరుపుకొనే సమాజానికి దీనిని ఖండించి చెప్పవలసిన పనే లేదు.

క్రీస్తు జననవేళ వచ్చిన ముగ్గురు రాజులు మృగవ్యాధ మండలంలోని మూడు నక్షత్రాలేనన్న వాదం కూడా ఆ చిత్రంలో ఉంది. మత్తయి సువార్త వారిని రాజులని అనలేదు, ముగ్గురని చెప్పలేదు. కానుకలు మూడు కనుక మనుషులు ముగ్గురన్న భావన తరువాత స్థిరపడింది. ఆ మూడు నక్షత్రాలను తెలుగువారు గొల్లకావడి అంటారు. తెలుగు క్రిస్మస్ పాటలలో శిశువును చూడవచ్చినవారు గొల్లలు. ఈ రెండింటినీ కలిపి, లూకా సువార్తలోని గొర్రెల కాపరుల కథ తెలుగు ఆకాశం నుంచి దిగిందని ఎవరైనా క్షణంలో ఒక సిద్ధాంతం అల్లవచ్చు. అది నిజం కాదని వెంటనే తెలుస్తుంది. కాని జైట్‌గైస్ట్ వాదం అల్లిన తీరు కూడా ఇదే. అవే చుక్కలు ఒక సమాజానికి కావడిగా, మరొక సమాజానికి రాజులుగా కనబడ్డాయి. కనుక కథను చుక్కల నుంచి రాబట్టలేం, చూసిన సమాజం నుంచే తెలుసుకోవాలి.

5. నిరూపిత సంబంధం – లక్షణాలు:

మధ్యధరా ప్రపంచానికీ భారతీయ జ్యోతిషానికీ ఏ సంబంధమూ లేదనడం కూడా పొరపాటే. మన జ్యోతిష పరిభాషలోని హోర, కేంద్రం, ద్రేక్కాణం, జామిత్రం గ్రీకు శబ్దాలకు రూపాంతరాలు. తెలుగులో ‘లిప్తకాలం’ అని మనం నిత్యం వాడే లిప్త కూడా గ్రీకు నుంచి వచ్చినదే. వరాహమిహిరుడు 6వ శతాబ్దిలో ‘పంచసిద్ధాంతిక’లో రోమక, పౌలిశ సిద్ధాంతాలను పేర్కొన్నాడు. ఈ శాస్త్రంలో యవనుల పాండిత్యాన్ని గౌరవించాడు. గ్రహాల పేర్లతో సాగే వారక్రమం కూడా ఈ సంపర్కంలోనే మనకు చేరింది. క్రీ.శ. 484 నాటి ఏరణ్ శాసనం గురువారాన్ని పేర్కొనడం మన దేశంలో వారం ప్రస్తావనకు ప్రసిద్ధమైన తొలి ఉదాహరణలలో ఒకటి.

ఈ సంబంధాన్ని మనం ఎందుకు అంగీకరిస్తున్నాం? శబ్దం కలిసింది, ఆ శబ్దం వాడే శాస్త్రప్రక్రియ కూడా కలిసింది. ఇచ్చినవారి కాలం పుచ్చుకున్నవారి కాలానికి ముందుది. రాకపోకల మార్గం నెల్లూరు నాణేల వంటి వస్తువులలో కనబడుతుంది. పుచ్చుకున్నవారు ఆ విషయాన్ని తామే చెప్పారు. విఠోబా వాదంలో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

డిసెంబరు 25 విషయం ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంది. సువార్తలు క్రీస్తు జన్మదినాన్ని చెప్పలేదు. క్రీ.శ. 354 నాటి రోమన్ పంచాంగ సంకలనంలో ఆ తేదీన ‘అజేయుని జన్మదినం’ ఉంది. అజేయుడంటే సూర్యదేవుడని పండితుల వ్యాఖ్య. అదే సంకలనంలో క్రీస్తు జన్మదినమూ ఆ తేదీనే ఉంది. నగరం ఒకటే, కాలం ఒకటే, గ్రంథం ఒకటే. కనుక సంబంధాన్ని విచారించడం న్యాయం. సూర్యోత్సవమే క్రిస్మస్ తేదీకి కారణమని కొందరు, మార్చి 25 నుంచి తొమ్మిది నెలల గణన కారణమని మరికొందరు వాదిస్తారు. ఏది నిజమైనా అది ఒక పండుగ తేదీ చరిత్రే అవుతుంది. దాని నుంచి ఒక మతం పుట్టుకను నిర్ణయించలేం.

జ్యోతిషం సువార్తలోనే ఉన్న సంగతి కూడా గుర్తించాలి. నక్షత్రాన్ని చూసి తూర్పు నుంచి వచ్చినవారిని గ్రీకు మూలం ‘మాగోయ్’ అంటుంది. ఆ సందర్భంలో దానికి నక్షత్రవిద్య తెలిసినవారన్న స్ఫురణ ఉంది. తెలుగు బైబిలు వారిని జ్ఞానులు అన్నది. గౌరవం నిలిచింది, వృత్తి మరుగున పడింది. అనువాద అధ్యయనాలకు ఇది మంచి పరిశోధనాంశం.

6. నెల్లూరు తీరం – పట్టికలో లేని తెలుగువారు:

గ్రేవ్స్ గ్రంథం వెలువడిన 1875లోనే కలకత్తాలో కృష్ణమోహన బెనర్జీ ‘ది ఆర్యన్ విట్‌నెస్’ ప్రచురించాడు. వేదంలోని ప్రజాపతి యజ్ఞానికి పరిపూర్తి క్రీస్తు బలిదానంలో ఉన్నదని అతని ప్రతిపాదన. మన తరగతి గదిలోని రెండు ప్రశ్నలకూ ఒకే సంవత్సరంలో వెలువడిన ఈ రెండు గ్రంథాలలో పూర్వరూపాలు ఉన్నాయి. బెనర్జీకి సంస్కృత పాండిత్యం ఉంది, తన సమాజంతో సంభాషించాలన్న తపన ఉంది. గ్రేవ్స్‌తో అతన్ని సమానం చేయలేం. అయినా ఒకరి గ్రంథానికి అసలు అర్థం మరొకరి గ్రంథంలో ఉన్నదనడం ఇద్దరిలోనూ కనిపిస్తుంది.

అదే కాలంలో నెల్లూరు జిల్లాలో వాస్తవంగా ఏం జరుగుతున్నది? శామ్యూల్ డే 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ప్రారంభించాడు. 1876–78 కరువులో ఆ మిషన్‌కు చెందిన జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. 1878 జూలై 3న ఒంగోలు సమీపంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం. వారిలో అత్యధికులు మాదిగలు. అన్నం, గౌరవం, ఊరి కట్టుబాట్ల నుంచి విముక్తి, విశ్వాసం అన్నీ ఆ నిర్ణయంలో కలిసి ఉన్నాయి. వాటి పాళ్లను చరిత్రకారులు చర్చిస్తూనే ఉన్నారు. రాశిచక్రానికి మాత్రం అందులో పాత్ర లేదు.

రెండు మత సంప్రదాయాల మధ్య నిజమైన వారధి చూడదలిస్తే ఎర్రగుంట్ల పేరయ్య జీవితం ఉంది. ఒంగోలు ప్రాంతపు మాదిగ క్రైస్తవులలో తొలితరం వాడైన పేరయ్య అంతకుముందు రాజయోగ సాధకుడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ ఆ సాధన నేపథ్యాన్ని వివరంగా నమోదు చేసింది. కులంతో పనిలేని గురుబోధ విన్నవారికి కొత్త బోధ పూర్తిగా పరాయిదిగా తోచకపోవడం సహజం. ఇక్కడ సంబంధానికి మనుషుల పేర్లున్నాయి, ఊళ్లున్నాయి, గురుపరంపర ఉంది. అమెరికాలో ఒకరు తెలుగువారికి లేని సిలువ దేవుణ్ణి పట్టికలో చేరుస్తున్న కాలంలో, తెలుగువారు తమ కారణాలతో తాము ఆ సిలువను గురించి నిర్ణయించుకుంటున్నారు. గ్రేవ్స్ పట్టికలో తెలుగుజాతి పేరు ఉంది, తెలుగు మనిషి లేడు.

7. ముగింపు:

ఉపమాలంకారంలో ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అనే నాలుగు అంగాలుంటాయి. ‘వలె’ అనే వాచకం ఉన్నంతవరకు రెండు వస్తువులూ వేర్వేరుగానే ఉంటాయి. రూపకంలో వాటి మధ్య అభేదాన్ని కవి తెలిసి ఆరోపిస్తాడు. ఒకదానిని చూసి మరొకటని నిజంగా భ్రమించడాన్ని వర్ణిస్తే అది భ్రాంతిమదలంకారం. గుర్రం జాషువ ‘క్రీస్తు చరిత్ర’ను తెలుగు పద్యంలో నడిపినప్పుడు, పురుషోత్తమ చౌదరి క్రైస్తవ భక్తిని తెలుగు కీర్తనలో పలికించినప్పుడు రెండు లోకాలు దగ్గరయ్యాయి. రెండూ తమ ఉనికిని కోల్పోలేదు. విల్‌ఫర్డ్, హిగిన్స్, గ్రేవ్స్ ఉపమతో మొదలై భ్రాంతిలో స్థిరపడ్డారు. కావ్యంలో భ్రాంతి రమణీయం. పరిశోధనలో అది దోషం.

తులనాత్మక అధ్యయనాన్ని విడిచిపెట్టమని ఈ వ్యాసం సూచించడం లేదు. హోర, లిప్త శబ్దాలు, రోమన్ పంచాంగం, పేరయ్య సాధన, ‘జ్ఞానులు’ అన్న అనువాదం అన్నీ పోలికను కోరే అంశాలే. పోలిక చెప్పేవారు మూలపాఠాన్ని, కాలాన్ని, మార్గాన్ని చూపాలి. ఆ కథను తమదిగా భావించే సమాజం ఏమంటున్నదో వినాలి. ఈ సామగ్రిలో చాలా భాగం తెలుగులోనే ఉంది కనుక ఆ పని చేయడానికి తెలుగు శాఖలకు అర్హత ఉంది. తరగతిలో ప్రశ్న అడిగిన ఇద్దరు విద్యార్థులకూ ఒకే సమాధానం చెప్పవచ్చు. మీ ఇంటి కథ మరొకరి కథకు నకలు కాదు. నకలు అని ఎవరైనా అంటే, ఏ గ్రంథంలో, ఏ కాలంలో, ఎవరి ద్వారా అని అడగండి.